చిలకలు తప్ప ఎవరూ రుచి చూడని ద్రాక్షారసం

"వచ్చింది! బుడగ వచ్చింది!" అని నేను అరిచిన అరుపుకు మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఏందండీ, పాము గీము వచ్చిందేమో అనుకున్నా. గుండె ఆగిపోయింది నాకు."

"పాము కాదే, బుడగ. ఇటు వంగి చూడు. అదిగో, ఇంకోటి."

పెరటి వైపున్న చిన్న గదిలో గాజు కూజా ముందు ఇద్దరం చతికిలబడ్డాం. కూజా నిండా లేత పసుపు రంగు ద్రాక్షరసం. మూతికి రబ్బరు బిరడా. బిరడాకు కన్నం పెట్టి, మందుల షాపులో కొన్న సెలైన్ పైపు దూర్చాను. పైపు రెండో కొన కూజా మెడకు కట్టిన చిన్న సీసాలో, నీళ్ళలో మునిగి ఉంది. లోపల రసం పులవటం మొదలైతే గాలి పైపులోంచి ఆ నీళ్ళలోకి వచ్చి బుడగలా పైకి తేలుతుంది. బయటి గాలి మాత్రం లోపలికి పోదు. నాకు తెలిసిన శాస్త్రం అంతే. ఆ కాస్త శాస్త్రం నా కళ్ళ ముందు నిజమవుతుంటే చిన్నప్పుడు మొదటిసారి సైకిల్ మీద ఎవరూ పట్టుకోకుండా పోయిన రోజు గుర్తొచ్చింది.

మా ఆవిడ కూడా కదల్లేదు. నీళ్ళ సీసా వైపే చూస్తూ, "మన దోసెల పిండి పొంగితే ఎప్పుడన్నా ఇంత సంబరపడ్డారా?" అంది. అన్నదే కానీ, ఇంకో బుడగ వచ్చేదాకా పొయ్యి మీద కూర సంగతి మర్చిపోయింది. ఆ పూట వంకాయ కూర అడుగంటింది. ఆ సంగతి కూడా నా డైరీలో ఉంది.

కాలేజీ రోజుల నుంచి నాకు డైరీ రాసే అలవాటు. కాలువల శాఖలో ఉద్యోగం చేసి, రిటైరై, గురజాల దగ్గర మా సొంత ఊళ్ళో ఉంటున్నాం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా పేజీల నిండా ఇతరుల మాటలే. ఏ తూము దగ్గర ఎవరు ఎవరితో కొట్లాడారు, చివరి పొలానికి నీళ్ళు రాలేదని ఎవరు నా మీదికొచ్చారు, ఏ పార్టీ వాళ్ళు గేటు తాళం పగలగొట్టారు. రిటైరయ్యాక రాయటానికి ఏమీ దొరక్క కొన్నాళ్ళు ఎండ, వాన, బీపీ రాసుకున్నాను. ఆ తర్వాత ద్రాక్ష తీగ వచ్చింది.

తీగ ఇచ్చింది ఫాదరుగారు. పక్క ఊరి చర్చిలో పూజలు చేసే పెద్దాయన. మాలాగే ఇక్కడి మిరప రైతుల ఇంట పుట్టి, చిన్న వయసులోనే గురువు కావాలని వెళ్ళిపోయిన మనిషి. పొద్దున్నే కాలువ కట్ట మీద నడకలో పరిచయం. నన్ను 'అన్నా' అంటాడు, మా ఆవిడను 'వదినా' అంటాడు. ఒకసారి హైదరాబాద్ వైపు పోయొస్తూ ఎవరి తోటలోనో కత్తిరించిన తెల్ల ద్రాక్ష కొమ్మలు తడిగోనెలో చుట్టి తెచ్చాడు. తన చర్చి ఆవరణలో నాటినవి ఎండిపోయాయి. మా పెరట్లో నాటింది బతికింది. మాచర్ల నాపరాళ్ళను నిలువుగా పాతి, వాటి మీద తీగలు లాగి పందిరి వేశాను. మూడో ఏడు తిరిగేసరికి పెరడంతా నీడ.

అప్పుడు ఫాదరుగారు తన మనసులో మాట బయటపెట్టాడు. తాను గురువై యాభై ఏళ్ళు నిండబోతున్నాయి. మే నెలలో పెద్ద పూజ. అది కాగానే తనను గుంటూరులో వృద్ధ గురువుల నివాసానికి పంపిస్తారు. ఈ యాభై ఏళ్ళూ పూజలో వాడిన ద్రాక్షారసం ఎక్కడెక్కడి నుంచో సీసాల్లో వచ్చిందే.

"ఒక్కసారన్నా మన నేలలో కాసిన ద్రాక్షతో పూజ చెయ్యాలని ఉందన్నా. ఇక్కడ నేను చేసే చివరి పూజ అదే. చేసి పెడతావా?"

"నేనా? మా వంశంలో సారా వాసన చూసినవాడు లేడు ఫాదరుగారూ."

"అందుకే నిన్నడిగింది. తాగేవాడికిస్తే పూజ దాకా మిగలదు."

రెండు షరతులు చెప్పాడు. ఒకటి, ద్రాక్ష తప్ప వేరే ఏదీ కలపకూడదు. పంచదార కూడా కూడదు. కలిపితే పూజకు పనికిరాదు. రెండు, తెల్లదే కావాలి. ఎర్రదైతే పీఠం మీద గుడ్డలకు మరకలు పడతాయి, ఉతికే సిస్టరమ్మలు తిడతారు. పూజకు ద్రాక్షారసం చేసుకోటానికి చర్చికి ఉన్న ప్రభుత్వ అనుమతి కిందే ఈ పని జరగాలని నేనూ ఒక షరతు పెట్టాను. ఆ కాగితం జిరాక్సు తీయించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, గది తలుపుకు అంటించాను. అది చూసి నరసరావుపేట నుంచి వచ్చిన మా బావమరిది పగలబడి నవ్వాడు.

"ఏంది బావా, సారా బట్టీ పెడుతూ బోర్డు కూడా పెట్టావు!"

అక్టోబరులో కత్తిరింపు చేశాను. ద్రాక్షలో అసలు పని అదే. పాత కొమ్మల్ని కణుపులు లెక్కచూసుకుని పొట్టిగా కోయాలి. ఎక్కడ కోస్తే ఎక్కడి మొగ్గ లేస్తుందో, ఏది ఆకు అవుతుందో, ఏది గుత్తి అవుతుందో ఆలోచించి కోయాలి. తొందర పనికిరాదు. ఒక కొమ్మ పట్టుకుని నిలబడితే కాసేపటికి చుట్టూ ఉన్న చప్పుడు దూరంగా జరిగిపోయేది. ఊళ్ళో ఎవరి మైకో, రోడ్డు మీద ట్రాక్టరో వినిపిస్తూనే ఉండేది, కానీ అది నాతో మాట్లాడుతున్నట్టు ఉండేది కాదు. ఉద్యోగమంతా ఎవరికి నీళ్ళివ్వాలి, ఎవరికి ఆపాలి అని తేల్చటంలోనే పోయింది. ప్రతి నిర్ణయానికీ ఎదురుగా ఒక మనిషి అరిచేవాడు. ఇక్కడా అదే పని. ఏది ఉంచాలి, ఏది తీయాలి. కానీ తీగ అరవదు. తప్పుగా కోస్తే ఇంకో కణుపు దగ్గర చిగురేసి తానే సరిచేసుకుంటుంది. అట్లా నిలబడి ఎన్నో పాత పేచీలను మళ్ళీ తలచుకున్నాను. కొన్నింట్లో ఎదుటివాడు నిజంగానే దాహంతో అరిచాడని ఇప్పుడు అర్థమైంది. అది రాయాలనిపించి డైరీ తెరిస్తే ఒక్క మాట కూడా తట్టలేదు. 'పందిరి కింద ఉన్నాను' అని మాత్రం రాశాను. అట్లాంటి పేజీలు ఆ ఏడు చానా ఉన్నాయి. వాటిని చూస్తే ఇప్పటికీ హాయిగా ఉంటుంది.

కోటప్పకొండ తిరునాళ్ళకు పోయొచ్చేసరికి గుత్తులు బరువెక్కి ఉన్నాయి. ఇక్కడే మా ఆవిడ రంగంలోకి దిగింది. అప్పటిదాకా నా పిచ్చి అని ఊరుకున్న మనిషి, రసం ఎక్కడికి పోతుందో గట్టిగా ఆలోచించినట్టుంది. ఒక పొద్దున పందిరి కింద నిలబడి తీర్పు చెప్పింది.

"ఇది దేవుడికి పోయేది. నైవేద్యం. నైవేద్యానికి ఎట్టా చెయ్యాలో అట్టాగే చెయ్యాలి."

"వాళ్ళ పద్ధతులు వేరే ఉంటాయే."

"వాళ్ళ పద్ధతి వాళ్ళు గుళ్ళో చేసుకుంటారు. చేసేది మన ఇంట్లో, మన చేతులతో గందా?"

అప్పటి నుంచి ప్రతి పనికీ ఒక చిక్కు. కాళ్ళతో తొక్కుతారని చదివాను. "దేవుడికిచ్చేదాన్ని కాళ్ళతోనా?" అంది. సరే, చేతులతో పిసకాలని తేలింది. పండ్లు కడగకూడదన్నాను, పండు మీద బూడిదలా ఉండే పొరలోనే రసాన్ని పులియబెట్టే గుణం ఉంటుందని. కడగని పండు నైవేద్యానికా అని నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. చివరికి ఒప్పందానికొచ్చాం. కోతకు వారం ముందే, పొద్దున్నే స్నానం చేసి, గుత్తులు తీగకు ఉండగానే బావినీళ్ళు సన్నగా చిలకరించాం. వారంలో మళ్ళీ కొంత పొర వస్తుందని నా ఆశ. కడిగామని ఆమె తృప్తి.

ఇక అసలు నియమం. ఎవరూ రుచి చూడకూడదు. పండు కూడా. మరి తీపి ఎక్కిందో లేదో తెలిసేదెట్లా? పంచదార కలిపే వీల్లేదు కాబట్టి తీపి అంతా తీగ మీదే రావాలి. ఫాదరుగారు ఒక గాజు గొట్టం ఇచ్చాడు. పాలకేంద్రంలో పాలు కొలిచేదానికి తమ్ముడు లాంటిది. దోసెడు పండ్లు పిండి, ఆ రసంలో వదిలితే తీపిని బట్టి పైకి తేలుతుంది. రోజూ పొద్దున్నే తేల్చి చూసేవాణ్ణి. రోజూ రవ్వంత పైకి వచ్చేది. ఇంకా రావాలి. ఈలోగా ఎండలు ముదిరాయి, ఆ వెనకే పడమట మబ్బులు. గాలివాన పడితే గుత్తులు పగిలి అంతా పోతుంది.

"కోసెయ్యండి" అంటుంది మా ఆవిడ.

"ఇంకా రెండు గీతలు రావాలి."

"గీతలు చూస్తూ కూర్చోండి, వాన అడిగి రాదు."

ఒక పొద్దున పందిరి మీద గోల. బయటికొచ్చి చూస్తే చిలకల గుంపు. పచ్చటి ఆకుల్లో పచ్చటి చిలకలు, కనపడవు, అరుపులే. కింద సగం కొరికిన పండ్లు. నేను కర్ర తీసుకోబోతే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆమె మొహం వెలిగిపోతోంది.

"ఆగండి. చిలక కొట్టింది ఎంగిలి కాదు. అవి రుచి చూశాయి. ఇంక మీ గీతలతో పనిలేదు."

గాజు గొట్టం తెచ్చి ముంచాను. సరిగ్గా కావలసిన చోట నిలబడింది! ఆ పూటే కోత. ఇద్దరం నిచ్చెన వేసుకుని, బుట్టలు మోసుకుని, మధ్యాహ్నం అన్నం కూడా లేకుండా కోశాం. కొత్త గుడ్డలో కట్టి పిసికి, తొక్కలు వెంటనే తీసేసి రసం వడగట్టాం. తొక్కలు నానితే రంగు, వగరు దిగుతాయి. కూజాకు బిరడా పెట్టే వేళకు పెద్ద గాలి లేచింది. పక్కింటి రేకు ఒకటి ఎగిరి వీధిలో పడింది. పందిరి ఊగిపోతుంటే, ఖాళీ తీగను చూసి మేమిద్దరం పరీక్ష పాసైన పిల్లల్లా నవ్వుకున్నాం. రసం ఒక్క కూజాడే వచ్చింది. ఉన్నదంతా అదే.

రెండు రోజులు ఏ కదలికా లేదు. చిలకరించిన నీళ్ళతో పొర అంతా పోయిందేమోనని నాకు నిద్రపట్టలేదు. తర్వాత మొదట చెప్పిన బుడగ వచ్చింది.

పులిసేటప్పుడు చల్లగా ఉంటేనే తెల్ల ద్రాక్ష వాసన నిలుస్తుందట. ఏప్రిల్‌లో పల్నాడులో చల్లదనం! కూజాను నీళ్ళ తొట్టిలో నిలబెట్టి, తడిగోనె కప్పి, పొద్దున మధ్యాహ్నం సాయంత్రం నీళ్ళు మార్చాను. గోడకు వేలాడదీసిన థర్మామీటరు చూస్తూ ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ డ్యూటీలో ఉన్నట్టు అనిపించింది. కానీ ఈసారి ఎవరూ మీదికి రారు. స్టూలు వేసుకుని కూర్చుంటే బుడగ చప్పుడు ఒక్కటే. టప్. కాసేపాగి, టప్. ఆ రెండు చప్పుళ్ళ మధ్య నేను ఏం ఆలోచించానో అడిగితే చెప్పలేను. ఆలోచించలేదనే అనుకుంటాను. అంత ఖాళీగా, అంత సంతోషంగా ఎప్పుడూ కూర్చోలేదు.

బుడగలు ఆగాక మడ్డి కదలకుండా పైరసాన్ని ఇంకో కూజాలోకి దించి, అదే బిరడా, పైపు, నీళ్ళ సీసా దానికి బిగించాను. ఇక కొన్ని వారాలు చల్లటి చోట కదలకుండా తేరుకోవాలి. ఎండ అప్పటికే మాడుస్తోంది. తడిగోనె సరిపోయేట్టు లేదు.

"దీనికింత ఆలోచనేంది బావా?" అన్నాడు బావమరిది ఫోన్లో. "నా కోల్డ్ స్టోరేజీ ఉంది గదా. రాజా లాగా పెడతా దాన్ని."

నరసరావుపేట దారిలో అతనికి వాటా ఉన్న కోల్డ్ స్టోరేజీ. ఇంత చల్లటి చోటు ఈ తాలూకాలోనే దొరకదు. ఎగిరి గంతేశాను. కూజాను పసిబిడ్డలా కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, పక్కన మా ఆవిడ పట్టుకుని, స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా "నిదానం, నిదానం" అంటుంటే తీసుకెళ్ళాం. లోపలికి అడుగు పెట్టగానే చలి. చలితో పాటు ఘాటు. గోడల్లా పేర్చిన మిర్చి బస్తాలు. హమాలీలు మొహానికి తువ్వాళ్ళు కట్టుకుని తిరుగుతున్నారు. మా ఆవిడ వరసగా తుమ్మింది.

"ఇక్కడా పెట్టేది?"

"పైపుకు నీళ్ళు అడ్డం ఉన్నాయే. బయటి గాలి లోపలికి పోదు" అన్నాను ధీమాగా. మిర్చి వాసనలో పుట్టి పెరిగినవాడికి ఆ వాసన ప్రమాదంగా కనిపించదు. అది గాలిలో ఉండవలసినదే అనుకుంటాం.

పూజకు నాలుగైదు రోజుల ముందు కూజాను తెచ్చుకున్నాం. రసం తేటగా, ఎండుగడ్డి రంగులో, కూజా వెనక పెట్టిన పేపరు అక్షరాలు కనిపించేట్టు ఉంది. చూడగానే చేతులు జోడించాలనిపించింది. అప్పుడు మెడకు కట్టిన సీసా చూశాను. అందులో నీళ్ళు లేవు. చుక్క లేదు.

కాలువల్లో జీవితం గడిపినవాడికి నీళ్ళు ఎటు పోయాయో తెలుసుకోవటం ఎంతసేపు? వేడి కూజా చలిలోకి పోగానే లోపలి గాలి ముడుచుకుంది. సీసాలో నీళ్ళను పైపులోంచి రసంలోకి లాగేసింది. ఆ వెనకే కోల్డ్ స్టోరేజీ గాలినీ లాగింది. బిరడా తీసి ముక్కు దగ్గర పెట్టాను. గుప్పున మిర్చి! నేను తుమ్మాను. మా ఆవిడ వాసన చూసి తనూ తుమ్మింది.

బావమరిదికి ఫోన్ చేశాను. "అవును బావా, పోయినేడు చింతపండు పెట్టినాయనకు కూడా ఇట్టాగే పట్టింది. నీకు చెప్పటం మర్చిపోయినా" అన్నాడు.

"రాజా లాగా పెడతానన్నావు గదరా!"

"రాజా లాగే పెట్టినా. రాజాకు కారం పడదని నాకేం తెలుసు?"

ఇప్పుడేం చెయ్యాలి? ఆ వాసన బిరడాకు మాత్రమే పట్టిందా, రసంలోకి దిగిందా? ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే తెలిసిపోతుంది.

"ఒక్క చుక్కేనే" అన్నాను.

"ఎన్ని చుక్కలైనా ఎంగిలి ఎంగిలే. ఇన్నాళ్ళు ఆగి, ఇప్పుడు నాలుగు రోజులకు నియమం తప్పుతారా?"

నాకూ మనసొప్పలేదు. చేసినవాళ్ళకు రుచి తెలియదు, ఇంకో కూజా లేదు, ఆయనకు ఇంకో పూజ లేదు. వెంటనే ఫాదరుగారికి కబురు చేశాను. తన పాత మోపెడ్ మీద అరగంటలో వచ్చాడు. జరిగిందంతా నిలబడే విన్నాడు. చిలకలు, చిలకరింపు, కోల్డ్ స్టోరేజీ, ఖాళీ సీసా. వింటూ వింటూ స్టూలు మీద కూలబడి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు.

"అన్నా, పీఠం మీద రసంలో ఒక నీటిబొట్టు కలపటం మా పద్ధతే. నా పని నువ్వే ముందుగా చేసి పెట్టావన్నమాట!"

"నవ్వకండి ఫాదరుగారూ. పూజకు పనికొస్తుందా?"

"ఆ కాసిని నీళ్ళకు ఏం కాదు. పాడైతేనే పనికిరాదు. రుచి చూస్తే తెలుస్తుంది. మీరేమంటారు, ఎట్టా ఉంది?"

మా ఆవిడే చెప్పింది. "మేం చూడలేదు. దేవుడికి పెట్టకుండా మేమెట్టా చూస్తాం?"

ఆయన నవ్వు ఆగిపోయింది. మా ఆవిడ చెంచా తెచ్చి చేతికివ్వబోయింది. "మీరు చూడండి. మీరు గురువులు గదా, మీకు దోషం ఉండదు."

ఆయన చెంచా తీసుకోలేదు.

"వద్దు వదినా. పండు దగ్గర్నుంచి ఇక్కడిదాకా చిలకలు తప్ప ఎవరూ ముట్టలేదంటున్నారు. ఈ నియమం నా దగ్గర తెగటం దేనికి? పీఠం మీదే చూస్తా."

"అక్కడ పాడైందని తేలితే?"

"పక్కనే ఎప్పుడూ వాడే ద్రాక్షారసం సీసా పెట్టిస్తా. తేలితే అది పోసి మళ్ళీ మొదలుపెడతా. అందుకూ మాకు పద్ధతి ఉంది."

"అందరి ముందర దగ్గొస్తే?" అన్నాను.

"అదే నా భయం కూడా" అని మోపెడ్ స్టార్ట్ చేశాడు.

పూజ రోజున చర్చి కిటకిటలాడింది. మేమిద్దరం, బావమరిది, వెనక వరసలో కూర్చున్నాం. పాటలు, ప్రసంగాలు, పూలదండలు. నాకేమీ ఎక్కలేదు. పీఠం మీద తెల్లటి గుడ్డ, దాని మీద రెండు చిన్న గాజు పాత్రలు, కొంచెం ఎడంగా సీసా. ఒక పాత్రలో ఎండుగడ్డి రంగు. అది మాది! బిరడా మార్చి, పైపు మార్చి, నేనే స్వయంగా కూజా మధ్యలోంచి తీసి పంపాను. ఆయన పాత్ర ఎత్తి గిన్నెలో పోశాడు. ఒక బొట్టు నీళ్ళు కలిపాడు. కలుపుతూ ఒక్కసారి తలెత్తి మా వరస వైపు చూశాడనిపించింది. బావమరిది నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మా ఆవిడ అతని మోకాలి మీద ఒకటి వేసింది.

ఆయన మంత్రాలు చదివాడు. గిన్నె రెండు చేతులతో పైకెత్తాడు. అందరూ తలలు వంచారు. నేను వంచలేదు, వంచలేకపోయాను. మా ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆయన తాగాడు.

ఆగాడు. కళ్ళు మూసుకున్నాడు. గొంతు దగ్గర చిన్న కదలిక. చేయి సీసా వైపు పోతుందేమోనని చూస్తున్నాను. పోలేదు. గిన్నె మళ్ళీ పెదాలకు ఆనించి, మిగిలినదంతా నిదానంగా తాగి, తెల్లటి గుడ్డతో అంచు తుడిచాడు. గుడ్డ తెల్లగానే ఉంది.

నా మణికట్టు మీద పట్టు వదులైంది. గాజుల ముద్రలు పడి ఉన్నాయి.

పూజ అయ్యాక జనమంతా ఆయన చుట్టూ మూగారు. దండల మధ్యలోంచి మమ్మల్ని చూసి, తోసుకుంటూ తానే వచ్చాడు.

"ఏంది ఫాదరుగారూ, ఎట్టా ఉంది?" ఆయన దగ్గరికి రాకముందే అడిగేశాను.

"ముందు పుల్లగా తగిలింది. ఆ వెనక పువ్వు వాసన. మింగాక, గొంతులో..." అని ఆగాడు.

"ఘాటా?"

"రవ్వంత. ఉందా లేదా అన్నట్టు. మా అమ్మ కల్లంలో కాయలు ఎండబోస్తుంటే పక్కన నిలబడ్డట్టు."

"అయితే పాడైనట్టేనా?" అంది మా ఆవిడ.

"పాడైందైతే రెండో గుక్క తాగుతానా వదినా?" అని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "అక్టోబరులో కత్తిరించినప్పుడు నాలుగు కొమ్మలు గుంటూరు పంపండి. అక్కడ గోడ పక్కన కాస్త చోటుందట."

ఇంటికొచ్చి నేను తిన్నగా పందిరి కిందికి పోయి నిలబడ్డాను. ఒంట్లో నిలవని సంతోషం. కొత్త చిగుళ్ళ మధ్యలోంచి ఎండ పడుతోంది. వెనక చెంచా చప్పుడు. మా ఆవిడ పూజ గదిలోని ఉద్ధరిణె తెచ్చింది. రెండో చేతిలో కూజాలో మిగిలిన రసం, చిన్న రాగి చెంబులో.

"దేవుడికి పెట్టటం అయిపోయింది. ఇంక ఇది ప్రసాదం. చెయ్యి పట్టండి."

"నేను తాగను గదే."

"తాగమన్నానా? తీర్థం పుచ్చుకోమన్నా."

అరచెయ్యి పట్టాను. పోసింది. ఈ వయసులో మొదటిసారి నాలుక మీద ఆ రసం. పులుపు, వెంటనే చల్లదనం, ఏదో తెల్లపువ్వు గుర్తొచ్చి పేరు అందలేదు. మింగాక చాలాసేపటికి, గొంతు అడుగున, మా ఊరు. ఆమె తన అరచేతిలో పోసుకుని, కళ్ళకద్దుకుని పుచ్చుకుంది. మొహం చిట్లించింది. తర్వాత ఏదో ఆలోచిస్తున్నట్టు నిలబడింది.

"ఇంకోసారి పొయ్యండి" అంది, ఉద్ధరిణె నా చేతికిస్తూ.

"తీర్థం మళ్ళీ అడుగుతారటే?"

"మూడుసార్లు పుచ్చుకుంటారు. ఇన్నేళ్ళు గుడికి పోయి అది కూడా నేర్చుకోలేదా?"